అద్దం కింద బొట్టు

రాములమ్మను చంపింది కంపెనీ జిగురా, మాసయ్య పెట్టిన బొట్టా? ఎన్నిసార్లు తిరగేసి చూసినా ఇప్పటికీ తేలదు.

వనపర్తి పాత బస్టాండు వెనుక రేకుల షెడ్డులో మాసయ్య బండ్లకు అద్దాలు బిగించేవాడు. రబ్బరు పట్టీలతో అద్దాలు కూర్చోబెట్టే కాలం నుంచీ అదే పని. జిగురుతో అతికించే బండ్లు వచ్చాక హైదరాబాదు పోయి అదీ నేర్చుకొచ్చాడు. అక్కడ ఎవరూ నేర్పనిది ఒకటి మాత్రం తానే కలుపుకున్నాడు. జిగురు వేసే ముందు, అద్దం ఆనుకునే ఇనుప అంచుకు పసుపు రాసి కుంకుమ బొట్టు పెట్టేవాడు. ఇనుము మీద పసుపు నిలవదని నువ్వుల నూనెలో కలిపేవాడు.

"బండికి గిదే గడప. గడపకు బొట్టు లేకుంటే ఎట్ల?" అనేవాడు. డ్రైవర్లకు ఆ మాట నచ్చింది. వెతుక్కుంటూ అతని దగ్గరికే వచ్చేవారు.

2006 ఎండాకాలంలో ఒక కంపెనీ తన కొత్త వ్యాన్లను వెనక్కి పిలిచింది. ఫ్యాక్టరీలో వేసిన జిగురు సరిగా పట్టలేదట. ముందు అద్దాలు ఊడదీసి, పాత జిగురు గీకేసి మళ్లీ అతికించాలి. ఈ వైపు పని మాసయ్యకు అప్పజెప్పారు. కూలీలను కొల్లాపూర్ మామిడితోటలకు తోలే ఎల్లన్న వ్యానూ వచ్చింది. వెంట భార్య రాములమ్మ. ఎప్పుడూ ఆయన పక్క సీటు ఆమెదే. మాసయ్య అంచుకు పసుపు రాస్తుంటే ఆమె అంది:

"పెదబాపు, పెండ్లిపిల్లను జేసినట్టే జేస్తున్నవ్ బండిని!"

"నిన్ను జేసెటందుకు నీ మొగడుండు. దీనికెవరుండ్రు బిడ్డా?"

"గట్లైతే నా దిక్కు జర పెద్ద బొట్టు పెట్టు."

మాసయ్య నవ్వి, ఆమె కూర్చునే వైపు పసుపు మందంగా పట్టించి, రూపాయంత బొట్టు పెట్టాడు.

మామిడికాయల పని ముగియకముందే, పానగల్ దాటాక, అడ్డొచ్చిన బర్రెను తప్పించబోయి ఎల్లన్న వ్యానును కల్వర్టుకు కొట్టాడు. అద్దం పగలలేదు. పగలకుండా ఊడిపోయింది. దానితోపాటే రాములమ్మ. దవాఖానకు చేరేసరికే ప్రాణం లేదు.

కంపెనీ నుంచి శ్రవణ్ కుమార్ అనే అతను వచ్చి చూశాడు. మళ్లీ అతికించడానికి కంపెనీ పంపిన జిగురు డబ్బాలు గోదాములో ఎండకు చెడిపోయాయని తేల్చాడు. మాసయ్య తప్పేమీ లేదన్నాడు. బండ్లన్నీ మళ్లీ విప్పాలన్నాడు.

మాసయ్య మాత్రం ఎల్లన్న వ్యాను అంచు దగ్గరే నిలబడిపోయాడు. రాములమ్మ వైపు బొట్టు నిన్న పెట్టినట్టే ఉంది. దాని మీద జిగురు ఆనవాలే లేదు. అయితే బొట్టు లేని మూలనా జిగురు పొరలా లేచి వచ్చింది. ఇంకో వ్యానులో బొట్టు మీద కూడా గట్టిగానే పట్టి ఉంది.

"సారూ, నూనె తగిల్తే జిగురు పడ్తదా?"

"నూనెనా? అస్సలు పట్టదు. ఎందుకు?"

"ఊకెనే అడిగిన."

ఎల్లన్నకు చెప్పాలనే అనుకున్నాడు. వ్యాను సొట్టలు తీయించి తెచ్చిన రోజున చెబుదామని మనసు గట్టి చేసుకున్నాడు. ఎల్లన్న వచ్చాడు. గడ్డం మాసి ఉంది. మాసయ్య అంచును తుడిచిందే తుడిచి, ఏ పసుపూ రాయకుండా చుట్టూ జిగురు వేశాడు. నోరు తెరిచేలోగా, బిగించాల్సిన అద్దం పట్టుకుని నిలబడ్డ ఎల్లన్నే అన్నాడు:

"మామ, బొట్టు మర్చినవ్."

మాసయ్య తుడిచిన గుడ్డను మడత పెట్టాడు.

"పోయినసారి నువ్ బొట్టు పెట్టినవ్ గాబట్టే నేనన్న మిగిలిన. అది కూడ లేకపోతే ఇద్దరం పోయెటోళ్లం. జర పెట్టు మామా, నీకు దండం పెడ్త."

"పసుపు... అయిపోయింది. తెస్త."

గూట్లో గిన్నె నిండా పసుపు ఉంది. దాన్ని చూడకుండా మాసయ్య చెప్పులు వేసుకుని బయటికి నడిచాడు. కిరాణా దుకాణం దాటాడు. బస్టాండులో గద్వాల బస్సు కదులుతోంది. పరుగెత్తి కమ్మీ పట్టుకున్నాడు. షెడ్డులో ఎల్లన్న అద్దాన్ని పట్టుకుని నిలబడే ఉన్నాడు. అంచు మీద జిగురు గట్టిపడుతోంది.