ఎదురుగా ఉన్న చెయ్యి

కోల్డ్ స్టోరేజీలో యాపిల్ పెట్టెలు చూసుకునే గుమస్తా రోజూ టీవీ ముందే భోంచేస్తాడు. అందులో ఎడారుల్లో, మంచుకొండల్లో ఒంటరిగా బతికి బయటపడే వీరుడు ఏం చెప్పినా పిల్లవాడిలా తలూపుతాడు. “తేళ్లు కాల్చుకు తినడం తర్వాత నేర్చుకుందురుగాని, ముందు కంచంలో అన్నం చూడండి,” అంటుంది భార్య.

ఆ సాయంత్రం చలిగది తలుపు అతని వెనక మూసుకుపోయింది. లోపలి గొళ్లెం ఊడి చేతిలోకి వచ్చింది. దీపం ఆరిపోయింది. తలుపు బాదాడు, అరిచాడు. చెమట పడితే చలి ఇంకా కొరుకుతుందన్న వీరుడి మాట గుర్తొచ్చి ఆగాడు. అట్టపెట్టె విప్పి పరుచుకుని ముడుచుకు కూర్చున్నాడు. చీకటి మంచునీళ్లలా మెడ దాకా వచ్చింది. ఇక తట్టుకోలేక, వీరుడిలాగే ఎదురుగా ఎవరో ఉన్నట్టు మాట్లాడసాగాడు: “వేళ్లు మొద్దుబారుతున్నాయి. అయినా నేనిక్కడే ఉన్నాను.” పెట్టెల కోసం వచ్చి తలుపు తీసిన హమాలీ అదిరిపడ్డాడు. “ఎవరితోనండీ మాటలు?” గుమస్తా హమాలీ చెయ్యి పట్టుకుని వదల్లేదు.

ఇంట్లో టీవీ మోగుతోంది. “ఇక్కడ నేను ఒంటరిని,” అంటున్నాడు వీరుడు. బొమ్మ సన్నగా వణికింది. కెమెరా పట్టుకుని ఎదురుగా ఇంకొకరు చలిలో నిలబడి ఉన్నారని గుమస్తాకి ఇన్నాళ్లకు తట్టింది. “కాసేపు నా పక్కన కూచోవే,” అన్నాడు భార్యతో.