రెండో నట్టు

నందికొట్కూరులో ఆత్మకూరు రోడ్డు మీద నాకు ఇనుప సామాన్ల కొట్టు ఉంది. నా పేరు గోవిందయ్య అని బ్యాంకు పాసుబుక్కులో రాసుంటుంది గానీ ఊరందరికీ నేను శెట్టినే. కొట్టుకు సరిగ్గా ఎదురుగా పుల్లయ్య షెడ్డు. నాలుగు ఇనుప స్తంభాలు, పైన రేకులు, కింద నూనె తాగి నల్లబడిన నేల. పుల్లయ్య కార్ల మెకానిక్కు. మనిషి పొట్టి, కోపం పొడుగు. ఇరవై ఏళ్లుగా పొద్దున్నే షట్టరు ఎత్తగానే నాకు మొదట కనిపించేది, ఏదో ఒక బండి కిందనుంచి బయటికి చాచిన అతని కాళ్లు.

మా ఇద్దరికీ నడుమ రోడ్డు మీద ఒక స్పీడ్ బ్రేకరు. పక్కనే బడి ఉందని వేశారు. దాని మీద ఎక్కి దిగే ప్రతి బండీ ఏదో ఒక చప్పుడు చేస్తుంది. ఆ చప్పుడును బట్టి దాని కడుపులో ఏముందో పుల్లయ్య చెప్పేస్తాడు. "ఆ జీపుకు ముందు బేరింగు పోయింది శెట్టీ. నెల తిరక్కముందే నా కాడికొస్తాది చూడు" అనేవాడు. వచ్చేది.

ఒక్క చప్పుడు దగ్గర మాత్రం నోరు విప్పేవాడు కాదు. దాసన్న తెల్ల అంబాసిడరు స్పీడ్ బ్రేకరు దిగినప్పుడు వెనక నంబరు ప్లేటు టకటకటకమని మూడుసార్లు కొట్టుకునేది. అది వినగానే పుల్లయ్య చేతిలో పానా ఆగిపోయేది. బండి కిందనుంచి తల బయటికి పెట్టి, ఆ అంబాసిడరు మలుపు తిరిగేదాకా చూసి, మళ్లీ లోపలికి పోయేవాడు. ఏడేళ్లపాటు, వారానికి నాలుగైదు సార్లు, నేనది చూశాను.

అంతకుముందు వాళ్లిద్దరూ అట్లా లేరు. పదిహేనేళ్ల వయసులో ఒకే లారీ మీద క్లీనర్లుగా చేరారు. తర్వాత ఒకడు స్టీరింగు పట్టుకున్నాడు, ఇంకొకడు పానా పట్టుకున్నాడు. దాసన్న పాత అంబాసిడరు ఒకటి కొని పెళ్లిళ్లకు, ఆస్పత్రులకు, శ్రీశైలం దర్శనాలకు బాడుగకు తోలేవాడు. బాడుగ లేని పూటల్లా బండి పుల్లయ్య షెడ్డులోనే. ఒక టీ తెప్పించుకుని ఒకడు గ్లాసులో, ఇంకొకడు సాసర్లో తాగేవాళ్లు. వాళ్ల నవ్వులకు నా కొట్లో గిరాకీ మాటలు నాకే వినపడేవి కావు. విసుక్కునేవాణ్ణి. ఆ విసుగు మళ్లీ ఒక్కసారి వస్తే బాగుండునని తర్వాత ఎన్నోసార్లు అనుకున్నాను.

రెండువేల రెండు వేసవిలో దాసన్న అక్క కూతురి పెళ్లి శ్రీశైలంలో పెట్టుకున్నారు. ఆ అక్కను ఊరంతా పెద్దక్క అనే పిలుస్తుంది. బండి కడిగారు, బంతిపూల దండ వేశారు. పుల్లయ్య నంబరు ప్లేటుకు కొత్తగా రంగు వేయించి తెచ్చాడు. పెళ్లికూతురితో సహా అందరూ ఎక్కారు, టెంకాయ కొట్టారు, చక్రాల కింద నిమ్మకాయలు పెట్టారు. పుల్లయ్య వెనకాల గొంతుకూర్చుని ప్లేటు బిగిస్తున్నాడు. దానికి రెండు బోల్టులు, రెండు నట్లు. ఒకటి బిగించాడు. రెండోది చేతిలోకి తీసుకోగానే అతని చూపు ఎడమ చక్రం లోపలి వైపు పడింది. అక్కడ తడిగా ఉంది. వేలు పెట్టి చూశాడు, వాసన చూశాడు.

"దాసన్నా, బ్రేకాయిలు కారుతాండాది. ఈ బండి ఘాటు దిగదు. పోవద్దు" అని గట్టిగా అరిచాడు.

ఆత్మకూరు దాటితే నల్లమల కొండల ఘాటు రోడ్డు. పుల్లయ్య చెప్పింది నిజం. కానీ చెప్పిన వేళ చూడండి. నిమ్మకాయల మీద చక్రం ఎక్కబోయే క్షణం. పెద్దక్క కిటికీలోంచి తల బయటికి పెట్టి, "శుభమా అని పోతాంటే అదేం నోరప్పా! బండి దిగదంటాడే! పెండ్లికూతురు కూచోనుండాది కండ్లు కనపడల్యా?" అని గుండెలు బాదుకుంది.

పుల్లయ్య తగ్గుతాడా? "బ్రేకుకు పెండ్లికూతురని తెలుస్తాదా పెద్దక్కా?" అన్నాడు.

దాసన్న దిగి వచ్చాడు. అంతమంది చుట్టాల ముందర అతని ముఖం నల్లబడిపోయింది. "ఇంగ నీ నోటితో నా బండి మాట ఎత్తొద్దు. నీ షెడ్డు గడప తొక్కితే నన్నడుగు" అన్నాడు. బండి వెళ్లిపోయింది. రెండో నట్టు పుల్లయ్య చేతిలోనే ఉండిపోయింది.

బండి క్షేమంగా పోయి క్షేమంగా వచ్చింది. అదే పుల్లయ్య కొంప ముంచింది. ఎక్కడన్నా బ్రేకు పడక ఒక రాయికి ఆనుకుని నిలబడి ఉంటే ఊరు అతన్ని నెత్తిన పెట్టుకునేది. ఏమీ కాలేదు కాబట్టి పాడునోటి మనిషన్నారు. నేనూ అన్నాను, దాచడమెందుకు.

పుల్లయ్య ఆ నట్టును ఒక దారానికి కట్టి షెడ్డు స్తంభానికి ఉన్న మేకుకు తగిలించాడు. మర్నాడు బోర్డు రాసేవాణ్ణి పిలిపించి, రేకు మీద ఎర్రరంగుతో రాయించాడు: "బండి బాగున్నప్పుడే చూపించండి. ప్రయాణానికి వారం ముందు రండి. బయల్దేరే రోజు చూడబడదు. చూపు ఉచితం."

నాకు నవ్వాగలేదు. "జ్వరం లేనోడు డాక్టరు కాడికి పోతాడా పుల్లయ్యా?" అని అడిగాను.

"జ్వరమైతే చెప్పి వస్తాది శెట్టీ. బ్రేకు చెప్పి పోదు" అన్నాడు.

ఊరు కూడా నవ్వింది. పరుగెత్తే బండిని తెచ్చి మెకానిక్కు ముందర నిలబెట్టడం, కూర్చుని కూర్చుని పోలీసు స్టేషనుకు పోవడం లాంటిదని మావాళ్ల నమ్మకం. పుల్లయ్య చేతికి బండి చిక్కితే లేని రోగం పుట్టిస్తాడని కూడా అనుకున్నారు. మొదట వచ్చింది బడి పంతులు ప్రదీప్‌కుమార్, అదీ సెలవులకు తిరుపతి పోతూ, ఉచితమన్నారు కదా అని. పుల్లయ్య జాకీ ఎత్తి, బ్యాటరీ లైటు వేసి, ముందు టైరు లోపలి పక్క ఉబ్బి ఉన్న చోట పంతులు వేలు పట్టుకుని తాకించాడు. ఎండాకాలం తారు రోడ్డు మీద అది ఎక్కడో ఒకచోట పేలేదే. పంతులు చేతికి చెమట పట్టింది. ఆ చేతిని తర్వాత నెలరోజులు ఊరందరికీ చూపించాడు.

అప్పటినుంచి జనం రావడం మొదలుపెట్టారు. వానలు పడకముందు వైపర్లు, లైట్లు చూపించుకోవడానికి, నెలల తరబడి మూలన పడ్డ బండిని రోడ్డెక్కించేముందు, పాత బండి కొనేముందు. చెట్టుకో గుట్టకో చిన్నగా తగిలినా సరే, పైన సొట్ట మాత్రమే కదా అని వదిలెయ్యవద్దని అతను తిట్టి మరీ చెప్పేవాడు. అన్నీ బాగుంటే టైరు మీద సుద్దతో ఒక గీత గీసేవాడు. ఆ గీత లేకుంటే మా వీధి ఆడవాళ్లు బండి ఎక్కడం మానేశారు.

ఊరి బండ్లన్నీ వచ్చాయి. ఒక్కటి రాలేదు.

పుల్లయ్య ఎదురుచూపు నాకు తెలుస్తూనే ఉండేది. ప్రయాణాల రోజుల్లో షెడ్డులో ఒక బండికి సరిపడా చోటు ఖాళీగా ఉంచేవాడు. ఎవరైనా అక్కడ పెట్టబోతే "అది వేరే బండికి" అనేవాడు. ఏ బండికో చెప్పేవాడు కాదు. ఒకరోజు టకటకమంటూ అంబాసిడరు ఆత్మకూరు వైపు పోయాక రోడ్డు దాటి వచ్చి నా ముందర స్టూలు మీద కూలబడ్డాడు.

"ఇన్నేండ్లయినా ఆ నట్టు కూడా ఏసుకోల్యా శెట్టీ. నట్టు ఏసుకోనోడు బ్రేకు చూపిస్తాడా? దినాము ఘాటు ఎక్కి దిగుతాండాడు. నేను పోయి చెప్తే మళ్లీ పాడునోరు అంటాడు. చెప్పకుంటే నాకు నిద్ర పట్టదు." తిట్టకుండా పుల్లయ్య అంతసేపు మాట్లాడడం నేనెప్పుడూ వినలేదు.

నా కొట్లో అట్లాంటి నట్లు డబ్బాలకు డబ్బాలున్నాయి. దాసన్న ఇంటి గొళ్లెం కోసం వచ్చినప్పుడు ఒకటి తీసి చేతిలో పెట్టాను. "ఊరికే ఇస్తాండా, ఏసుకో దాసన్నా. ఆ చప్పుడు వినలేక చస్తాండా" అన్నాను. అతను దాన్ని అటూ ఇటూ తిప్పి మళ్లీ నా గల్లాపెట్టె మీద పెట్టేశాడు. "ఉండనీలే శెట్టీ. అది లేకుంటే బండి నిలబడిపోయిందా?" అన్నాడు. ఎంత నిర్లక్ష్యమని తిట్టుకున్నాను. ఈ సంగతి పుల్లయ్యకు చెప్పలేదు, ఇంకా కుమిలిపోతాడని.

రెండువేల తొమ్మిదిలో మా ఆవిడ సుందరలక్ష్మి కారు కొందామని పట్టుపట్టింది. ఆమె పుట్టిల్లు జమ్మలమడుగు. పక్కనే ఉన్న గండికోటను చిన్నప్పుడు చూసిందట, పెన్న లోయను మళ్లీ ఒకసారి చూడాలట, బస్సులో అయితే నడుములు పట్టేస్తాయట. అదే వారం దాసన్న బండి అమ్ముతున్నాడని తెలిసింది. అతనికి చక్కెర జబ్బు కళ్లకు ఎక్కింది. కర్నూలు పెద్ద డాక్టరు చూసి, ఇంక స్టీరింగు ముట్టుకోవద్దని చెప్పేశాడు. దగ్గరి ముఖాలు కూడా మసకేనట. వినగానే మనసు కలుక్కుమంది. కానీ నేను వ్యాపారిని, పాత బండి. "పుల్లయ్య చూసి గీత గీస్తేనే కొంటా" అని కబురు పెట్టాను. ఏం జవాబు వస్తుందోనని భయపడ్డాను. "సరే" అని వచ్చింది.

దాసన్న కొడుకు వంశీ బండి తోలుకుని వచ్చాడు. టకటకటక. పుల్లయ్య అప్పటికే ఆ ఖాళీ చోటును నీళ్లు చల్లి ఊడ్చి ఉంచాడు. బండి అందులోకి వచ్చి నిలబడితే, ముందు దాని చుట్టూ ఒకసారి తిరిగాడు, పైకప్పు మీద అరచెయ్యి పెట్టాడు. తర్వాత కిందికి దూరాడు.

గంటన్నర పట్టింది. నాలుగు చక్రాలూ విప్పాడు. స్టీరింగు ఊపి చూశాడు. నన్ను లోపల కూర్చోబెట్టి బ్రేకు తొక్కమని, వదలమని పదిసార్లు చెప్పాడు. బయటికి వచ్చినప్పుడు అతని ముఖంలో ఏముందో నాకు అర్థం కాలేదు.

"ఎట్లుండాది?" అన్నాను.

"ఒక్క లోపం ల్యా శెట్టీ. చక్రాల సిలిండర్లు కొత్తవి, బ్రేకు షూలు కొత్తవి, పైపులు కొత్తవి. కొత్త బండి కూడా ఇట్లుండదు." వంశీ వైపు తిరిగాడు. "ఎవురు చూసినార్రా దీన్ని?"

"కర్నూలులో మామా. నాయిన నెలనెలా పోయి చూపించుకొస్తాండె. బాడుగ పోయినా సరే, అది మాత్రం తప్పేటోడు కాదు" అన్నాడు వంశీ. "పెండ్లికి పోయిన పొద్దు కూడా ఆత్మకూర్లో నిలబెట్టి బ్రేకు చేయించినాడు. అత్తకేమో టీ తాగేదానికి నిలబెట్నా అని చెప్పినాడు. నువ్వు చెప్పింది నిజమేనంట, శానా కారుతాండిందంట."

"మరి నంబరు ప్లేటు?" అన్నాను నేనే, ఉండబట్టలేక.

"దాన్ని ఎవురినీ ముట్టనీలేదు శెట్టీ. కర్నూలు మెకానిక్కు ఒకసారి బిగించబోతే చెయ్యి పట్టి లాగినాడు. 'అది పుల్లయ్య ఏసేది, నువ్వెవురు' అనె. 'ఆ సద్దు లేకుంటే నేను పోతాండేది వానికి ఎట్ల తెలుస్తాది' అనె."

పుల్లయ్య నేలమీద కూర్చుండిపోయాడు. నూనె చేతులతోనే ముఖం కప్పుకున్నాడు. బయట ఏదో బండి స్పీడ్ బ్రేకరు దిగింది. అది ఏ బండో అతను చూడలేదు.

కాసేపటికి లేచి, మేకుకు ఉన్న దారం తెంపి నట్టు తీసుకున్నాడు. "అట్లే ఏసెయ్యి మరి" అన్నాను. "ఈడ కాదు" అని స్టీరింగు ముందర కూర్చున్నాడు. వంశీ, నేను వెనక ఎక్కాం. స్పీడ్ బ్రేకరు మీద కావాలనే కొంచెం గట్టిగా దించాడు.

దాసన్న ఇంటి అరుగు మీద కూర్చుని ఉన్నాడు. చప్పుడు వినగానే తల ఎత్తి, "ఏమప్పా వంశీ, శెట్టికి బేరం కుదరల్యా?" అన్నాడు. వంశీ నోరు తెరవబోతే పుల్లయ్య సైగ చేసి ఆపాడు. బండి వెనక్కి వెళ్లి గొంతుకూర్చున్నాడు. పానా ఇనుముకు తగిలిన చిన్న చప్పుడు.

దాసన్న దిగ్గున లేచాడు. "ఎవుర్రా ఆడ? దాన్ని ముట్టద్దంటి కదా!"

"నేనే" అన్నాడు పుల్లయ్య.

దాసన్న గోడ తడుముకుంటూ రెండు మెట్లు దిగి వచ్చి, డిక్కీ పట్టుకుని నిలబడ్డాడు. "ఒక్క నట్టుకు ఏడేండ్లు పట్టిందే నీకు" అన్నాడు.

"నువ్వు బండి నిలబెడితే కదా బిగించేది."

"రేపు పోదాం, ఎల్లుండి పోదాం అనుకుంటానే ఉంటి. నీ షెడ్డు కాడికొచ్చేసరికి కాలు యాక్సిలేటరు మీదనే పడె." దాసన్న నవ్వబోయాడు. "బండిని నెలనెలా చూపించినా. ఈ కండ్లను చూపించుకోల్యా. బాగనే ఉండాయి కదా అనుకుంటి."

పుల్లయ్య బోర్డు మీది మాట నాకు గుర్తొచ్చింది. అతనికీ గుర్తొచ్చే ఉంటుంది. ఎవరిమీదైనా విరుచుకుపడే మనిషి, పల్లెత్తు మాట అనలేదు. లేచి దాసన్న చెయ్యి పట్టుకున్నాడు.

దాసన్న అతని ముఖానికి దగ్గరగా వంగి, కళ్లు చిట్లించి చూశాడు. ఎంతసేపు చూసినా ఫలితం లేకపోయింది. "ముసలోనివైనావా పుల్లయ్యా? నాకేం కనపడ్డంల్యా" అన్నాడు.

"యాడ? నువ్వు పెండ్లికి పోయిన పొద్దు ఎట్లుంటినో అట్లే ఉండా" అన్నాడు పుల్లయ్య.

ఈ ఏడేళ్లలో పుల్లయ్య తల ముగ్గుబుట్ట అయింది, ముందు పళ్లు రెండు ఊడిపోయాయి. ఎవరి మాటకైనా అడ్డం పడే అలవాటు నాది. ఆ పూట మాత్రం నోరు మూసుకుని నిలబడ్డాను.