బస్సులో పుట్టిన వీడియో

విడపనకల్లు దాటిన బస్సులో ఒక పసిపాప గుక్కపట్టి ఏడుస్తోంది. ఎత్తుకున్న మనిషి ఎంత సముదాయించినా అతని దగ్గర ఉండనంటోంది.

"ఏమప్పా, బిడ్డ నీదేనా?" అంటూ ముందు సీటు మీసాలాయన లేచాడు. పిల్లల్ని ఎత్తుకుపోయేవాళ్ల వీడియో ఒకటి ఆ వారమంతా అందరి ఫోన్లలో తిరుగుతోంది. అది చూపించి, "మొగం జూడండి, వీడే!" అని అరిచాడు.

"నా కూతురే అన్నా. బెంగుళూరుకు కూలికి పోయి ఇప్పుడే వచ్చినా, నన్ను మర్సిపోయింది. వాళ్లమ్మ రాయదుర్గంలో జీన్స్ కుడతాండాది, అవ్వకాడున్న బిడ్డను ఆయమ్మ దగ్గరికే తీసకపోతాండా."

వానల్లేని మా ఊళ్లలో నాయన బిడ్డకు కొత్తవాడు కావడం వింతేం కాదు. కానీ అప్పటికే ఎవరో అతని కాలరు పట్టుకున్నారు.

నా పక్కనున్న అమ్మాయి పత్రికల్లో రాసే చదువు చదువుతోందట. మీసాలాయనను ఫోటో తీసి, ఫోన్లో ఏదో చేసి, అందరికీ వినబడేలా పెట్టింది. అందులో ఆయనే, ఆ మీసాలతోనే, "ఈ బిడ్డను నేనే ఎత్తుకొచ్చినా" అంటున్నాడు.

"ఆ మాట నేను యాడంటి పాపా!"

"అనలేదన్నా, ఫోనే అనిపించింది. ఇప్పుడు నిన్ను గూడ కొట్టమంటావా?"

కాలరు వదిలారు. అమ్మాయి ఆయన కళ్లముందే వీడియో తుడిచేసి కూర్చుంది. వేళ్లు వణుకుతున్నాయి.

"భయపడితివా తల్లీ?" అని అడిగాను.

"వాళ్లను జూసి గాదవ్వా. ఇంత సులువుగా అయిపోయె గదా, దానికి."

రాయదుర్గం బస్టాండులో తల్లిని చూడగానే పాప ఆమె చంకలోకి దూకింది.

ఇప్పుడు ఇంట్లో ఎవరు ఏ వీడియో చూపించినా, అందులోని మొగం కంటే ముందు నాకు ఆ వేళ్లే కనబడతాయి.