చివర పెట్టిన నాయిస్ గేట్

గిటార్ మోతని మార్చే పెడల్స్ అనే డబ్బాలు ఏ వరుసలో పెట్టాలని ఎవరైనా అడిగితే నాకు పూనకం వస్తుంది. అడగకపోయినా వస్తుందని మా ఆవిడ అంటుంది. ఖరగ్‌పూర్‌లో మూడు తరాలుగా రైల్వే వర్క్‌షాపు కూడు తిన్న ఇల్లు మాది. అందుకని ఏ వస్తువైనా నా కళ్లకు బండి లాగే కనబడుతుంది. గిటార్ ఇంజను. దాని వెనక శ్రుతి చూసే ట్యూనర్, తరవాత గొంతు చించే డిస్టార్షన్, ఆ తరవాత స్వరాన్ని మళ్లీ మళ్లీ పలికించే డిలే, పెద్ద హాల్లో వాయించినట్టు మోత నింపే రివర్బ్. అన్నిటికీ చివర నాయిస్ గేట్. గిటార్ ఊరికే ఉన్నప్పుడు తీగల్లోంచి వచ్చే గుయ్‌మనే రొద నోరు మూయించే పెట్టె అది. గార్డు పెట్టె లేకుండా బండి కదలదు కదా, అలాగే గేటు లేకుండా నా వరుస పూర్తయ్యేది కాదు. ఆఖరి పెట్టెకి బోర్డు ఉన్నట్టే దాని మీద పసుపు కాగితం కోసి ఎల్‌వీ, అంటే లాస్ట్ వెహికల్, అని అంటించాను కూడా.

నేను వాయించేది గట్టి మోత. అందులో ఎక్కడ ఏం తెగినా ఎవడికీ తెలియదు, నాకు అసలే తెలియదు.

మా అత్త వాయించేది వేరు. అత్త అంటే నాన్న చెల్లెలు, ఊళ్లోనే ఝపటాపూర్‌లో ఉంటుంది. చిన్నప్పుడు పక్క క్వార్టర్లోని బెంగాలీ దీదీ దగ్గర హవాయిన్ గిటార్ నేర్చుకుంది. ఒళ్లో పడుకోబెట్టి, ఎడమ చేత్తో స్టీలు కడ్డీని తీగల మీద జారుస్తూ వాయించేది. బెంగాలీ ఇళ్లల్లో ఆడపిల్లలు చాలామందే నేర్చుకునేవారట. మన తెలుగు వాళ్లలో మాత్రం నాకు తెలిసి అత్త ఒక్కతే. కాలనీ రామాలయంలో భజనకి హార్మోనియం పక్కన ఆ గిటార్ ఉండాల్సిందే. పాటలో మాట అయిపోయినా అత్త స్వరం అయిపోదు. సన్నగా జారుతూ, ఉందో లేదో అన్నట్టు సాగుతుంది. అది పూర్తిగా ఆగేదాకా భజన ఆడవాళ్లెవరూ తాళం ఎత్తరు. ఎవరూ పెట్టిన నియమం కాదు, అలా అలవాటైపోయింది.

కిందటి వానాకాలం పెరటి మెట్ల మీద జారి అత్త ఎడమ మణికట్టు విరిగింది. కట్టు విప్పారు, డాక్టరు చెప్పినట్టు రబ్బరు బంతి పిసికింది, చెయ్యి తిరిగింది. అయినా నలుగురిలో కూర్చోవడానికి భయపడింది.

"ఈ రామనవమికి కూసుంటాన్రా. సెయ్యి సాగితే సాగినట్టు. నేదంటే గిటారు ఎవులికైనా ఇచ్చీసి ఊరుకుంటాను" అంది.

సరదాకి అనలేదని నాకు తెలుసు. పాత పెట్టెలూ గిన్నెలూ ఆవిడ అలాగే ఇచ్చేసింది, ఒక్కదాని గురించీ మళ్లీ మాట్లాడలేదు. అందుకే నా పెడల్స్ పట్టుకొస్తానన్నాను. రివర్బ్ ఉంటే తక్కువ బలంతో మీటినా స్వరం నిండుగా వస్తుంది, చేతికి శ్రమ ఉండదు అని చెప్పాను. అందులో అబద్ధం లేదు. కానీ సాయం అని పేరే గాని షోకు నాది. పందిట్లో అందరి ముందూ ఆ డబ్బాలు వరుసగా పేర్చి కూర్చోవాలని నాకే ఉబలాటంగా ఉంది.

నవమి పందిట్లో సీరియల్ లైట్లు, పక్కనే జనరేటరు. గిటార్ తగిలించగానే యాంపు తేనెపట్టు కదిపినట్టు రొద పెట్టింది. గేటు బిరడా సగానికి పైగా తిప్పాను. టక్కున నిశ్శబ్దం.

"ఏక్‌దమ్ సైలెంట్ దాదా!" అన్నాడు మైకు సెట్టు అతను. నేను పెద్ద పోటుగాడిలా తలూపాను.

అత్త మొదటి చరణం వాయించింది. స్వరం జారి, సన్నబడడం మొదలుపెట్టి, అక్కడే పుటుక్కున తెగిపోయింది. ఆడవాళ్లు ఒకళ్ల మొహాలు ఒకళ్లు చూసుకున్నారు. కొందరు తాళం ఎత్తారు, కొందరు ఎత్తలేదు. అత్త నాకేసి చూసింది. నేను పెడల్స్ కేసి చూశాను. అన్ని దీపాలూ వెలుగుతున్నాయి. నేను పేర్చిన వరుస, ఇంక తప్పెక్కడుంటుంది? రెండో చరణంలో ఆవిడ గట్టిగా మీటింది. మళ్లీ తెగింది. మూడోసారి కడ్డీని ఇంకా బలంగా నొక్కిపట్టేసరికి మణికట్టు నిజంగానే వణికింది. పాట మధ్యలోనే కడ్డీ ఒళ్లో పెట్టేసుకుంది. మిగతా భజన హార్మోనియంతో లాగించేశారు.

హారతి అయ్యాక గుడి కమిటీ బాబాయి ఒకాయన నన్ను పక్కకి పిలిచాడు.

"ఏటిరా అలగయిపోనాది? ఎప్పుడూ బాగా వాయిస్తాది కదా."

"సెయ్యి ఇరిగినాది కదా బాబాయీ. ఇంకా కుదరనేదు" అన్నాను.

ఆలోచించకుండానే వచ్చేసింది ఆ మాట. పాపం, వయసు, అని చుట్టూ ఉన్నవాళ్లు నిట్టూర్చారు. మా వెనకాలే అత్త గిటార్‌ని పాత నేత చీరలో చుట్టుకుంటోంది.

తరవాతి ఆదివారం ఇంట్లో, ఊసుపోక డిస్టార్షన్ ఆపేసి, అత్తలాగా నెమ్మదిగా ఒక స్వరం జార్చి చూశాను. సన్నబడింది, తెగింది. మళ్లీ మీటాను. మళ్లీ అక్కడే తెగింది. నా చేతికి ఏ రోగమూ లేదు. గేటు ఊడబీకి, డిలేకీ రివర్బ్‌కీ ముందు పెట్టాను. ఈసారి స్వరం గది దాటి వీధిలోకి పోయేంతసేపు సాగింది. చివర్న ఉన్న గేటుకి రొదా, అత్త సన్నటి స్వరమూ ఒకటే. చప్పుడు తగ్గితే చాలు, రొద అనుకుని తలుపు మూసేస్తుంది. ముందు పెడితే రొదని మాత్రం ఆపి, రివర్బ్ సాగదీసినదాని జోలికి పోదు. నెమ్మదిగా వాయించేవాళ్లకి మొదటిరోజే తెలిసే సంగతి. నాకు బండి చివర గార్డు పెట్టె ఉండాలన్నదే తెలుసు.

వెంటనే పరిగెత్తానని రాయాలని ఉంది. పరిగెత్తలేదు. గోల్‌బజార్ వెళ్లి చేపలు కొన్నాను, మోటారు సైకిలు కడిగాను, అక్కర్లేని పనులన్నీ చేశాను. సిగ్గేసింది. సాయంత్రానికి గాని సంచీ సర్దుకుని ఝపటాపూర్ వెళ్లలేకపోయాను.

"ఏటిరా, మల్లీ ఆ డబ్బాలు తెచ్చినావు?" అంది అత్త. గిటార్ బీరువా మీదికి ఎక్కేసింది.

నేనే దింపాను. చెప్పడం కంటే వినిపించడం నయమని, ముందు పాత వరుసలో నేను వాయించాను. తెగింది. గేటు మార్చి వాయించాను. సాగింది.

"సూసినావా అత్తా? నీ సెయ్యి బాగానే ఉంది. నేను పెట్టిన వరసే తప్పు. నన్ను తిట్టు."

అత్త తిట్టలేదు.

"నాకు ఆ పూట సెయ్యి మీద అనుమానం నేదురా" అంది. "మోత ఎందుకు తెగిపోతందో అనే నీకేసి సూసినాను. ఆ డబ్బాల సంగతి నీకే కదా తెలుసు. నువ్వు బాబాయితోటి సెయ్యి కుదరనేదన్నావు. నాను ఇన్నాను. సదువుకున్నోడివి, ఊరికే అనవు కదా అనుకున్నాను."

కమిటీ బాబాయికి చెప్తాను, భజన వాళ్లందరికీ చెప్తాను అని ఏదో గొణిగాను. ఆవిడ తల ఊపింది, చిన్నపిల్లాడి మాటకి ఊపినట్టు.

"ఒక్కసారి వాయించు అత్తా" అని బతిమాలి గిటార్ ఒళ్లో పెట్టాను.

కడ్డీ పట్టుకుని ఒక స్వరం మీటి, నెమ్మదిగా పైకి జార్చింది. స్వరం సన్నబడుతూ, ఎక్కడా తెగకుండా సాగింది. నేను ఆవిడ మొహంలోకి చూశాను. అత్త ఆ స్వరం వినడం లేదు. ఎప్పుడు వణుకుతుందా అని తన మణికట్టునే చూసుకుంటోంది.