మూడో మీట

ఎనభైల్లో, దర్శి దగ్గర మా ఊరి చర్చి మైకుసెట్టుకి నేనే ఈక్వలైజర్ తయారుచేశాను. రేకు డబ్బా, స్వరాలను పెంచి తగ్గించే ఐదు మీటలు, బోలెడంత గర్వం. అయితే మొదటి ఆదివారమే, పాటలు పాడే అక్క గొంతు గోనెసంచిలోంచి వస్తున్నట్టు వినపడింది. ఆమె కల్లాల్లో మిరపకాయలకు తొడిమలు తీసే కూలి.

"మిరప ఘాటుకి నీ గొంతు పోయిందక్కా. కొన్నాళ్లు పాడబాక" అన్నాను, అందరి ముందూ.

ఆమె పాటల పుస్తకం మూసి, వెనక వరసలోకి వెళ్లి కూర్చుంది.

రెండు వారాల తర్వాత ఆ పెట్టెకే రేడియో తగిలించాను. వార్తలు చదివే ఆవిడ గొంతూ అలాగే మూసుకుపోయింది. ఆవిడ ఏ కల్లంలో తొడిమలు తీసింది, నా మొహం! పెట్టె విప్పి చూస్తే, మధ్య స్వరాలను పెంచే మూడో మీటకి నేను వేసిన కెపాసిటర్ తప్పుది. మార్చగానే ఆ గొంతు విచ్చుకుంది.

వెంటనే అక్క ఇంటికి వెళ్లాను.

"తప్పు పెట్టెదక్కా. వచ్చే ఆదివారం నువ్వే పాడాల."

తప్పు నాదని చెప్పడానికి అప్పటికీ నోరు రాలేదు. ఆమె మిరప అంటిన చేతులు కడుక్కుంటూ, తలెత్తకుండానే అంది:

"పెట్టె నన్నేమందిలే తమ్ముడూ."