మైనం ప్రోటీనుకు పుత్తూరు కట్టు

ఆ రోజుల్లో నాకు తెలియనిదంటూ ఉండేది కాదు. తెలియనివన్నీ ఆ తరవాతే, వయసుతోపాటు ఒక్కొక్కటిగా వచ్చి చేరాయి. ఎనభైల చివర తిరుపతిలో ఎమ్మెస్సీ వెలగబెడుతున్నాను. మా నాయన పుత్తూరులో విరిగిన ఎముకలకు కట్లు కట్టేవాడు. (ఆ కట్లతో లేచి నడిచినవాళ్లు ఊరంతా ఉన్నా, అది సైన్సు కాదని నేను తేల్చేశాను.)

ఆడపిల్లలు బట్టీకి తప్ప పనికిరారని మా సారు నమ్మకం. సెమినారు మెప్పిస్తేనే ప్రాజెక్టుకు తన ల్యాబులో చోటన్నాడు. నాకిచ్చిన విషయం, వేడి తగిలినప్పుడు మిగతా ప్రోటీన్లు ఉండకట్టి చెడిపోకుండా కాపాడే ఒక ప్రోటీను. ఏడేసి ముక్కల చక్రాలు రెండు, ఒకదానిమీద ఒకటి. చెడబోయేదాన్ని పట్టుకుంటుంది, తన ఆకారం మార్చుకుంటుంది, అది సరిగ్గా మడతపడ్డాక వదిలేస్తుంది. కొవ్వొత్తులు కరిగించి దాని నమూనా పోసి, అట్టపెట్టెలో పెట్టుకుని మే నెల ఎండలో పుత్తూరులో బస్సెక్కాను. తిరుపతిలో ఎవరికో కట్టు మార్చాలని నాయనా ఎక్కాడు.

"ఇంజను మూత మింద పెట్టొద్దు పాపా, కాలతా ఉండాది."

"ఇది వేడికి తట్టుకునే ప్రోటీను నాయనా. నీకు తెలీదులే."

"ప్రోటీను తట్టుకుంటాది సరే. మైనం?"

జవాబు లేనప్పుడు గొంతు పెంచడం నాకు అప్పటికే అలవాటు; పెంచాను, పెట్టెను ఆ మూత మీదే పెట్టాను. దారిలో వడమాలపేటలో బస్సాగినప్పుడు పెట్టె తెరిస్తే, అందరినీ వేడి నుంచి కాపాడాల్సిన మహాతల్లి ఇంజను సెగకు సొమ్మసిల్లి పక్కకు ఒరిగి ఉంది. నేను ఏడుపందుకున్నాను. నాయన మెత్తబడిన ముక్కలను నొక్కి నిలబెట్టి, సంచిలోంచి వెదురు బద్దలు తీసి, గుడ్డపేలికతో బిగించాడు.

"బద్దలు ఎముకను అతికించవు పాపా. వంకర పోకుండా పట్టుకుంటాయి, అంతే. ఆరేదాకా కదిలించొద్దు."

క్లాసులో సారు దాన్ని అటూ ఇటూ తిప్పి చూశాడు. "ఏమ్మా, నీ ప్రోటీను యాడన్నా పడి కాలిరగ్గొట్టుకునిందా?"

అందరూ నవ్వారు. "బద్దలు ఎముకను అతికించవు సార్," అన్నాను. "వంకర పోకుండా పట్టుకుని, పనవగానే తప్పుకుంటాయి. ఇదీ అంతే. కాకపోతే బద్దలు వంగవు, ఇది పట్టుకోడానికొక ఆకారం, వదలడానికొక ఆకారం మార్చుకుంటుంది."

"ఈ పోలిక ఏ పుస్తకంలోది?"

"నాదే సార్."

అప్పుడు చూశాను, కిటికీ బయట నాయన. ల్యాబులో చోటు దొరికింది. బయటికొస్తే ఆయన అన్నది ఒక్కటే: "మూడు వారాలకు కట్టు మార్చాలని మీ సారుకు చెప్పు."

ఇప్పుడు అదే పాఠం నేను చెబుతున్నాను. పోలిక ఎవరిదో ముందే చెప్పేసి, ఆ 'నాదే సార్' పిల్లను తలుచుకుని నవ్వుకుంటాను. ఆ తరవాత, అలవాటుగా, కిటికీ వైపు చూస్తాను.