నదిలో పడ్డ హీరో బతికాడా, లేదా?

మా చిన్నప్పుడు... పొద్దుగూకేసరికి కొత్తపేటలోని మా కిరాయి ఇంటి మెట్ల మీద చెప్పుల చప్పుడు వినిపించేది. పై వాటాలో ఉండే పద్మ ఆంటీ దిగుతోందంటే సీరియల్ టైమైనట్టే!

వాళ్ళది గుంటూరు వైపు. మాది నల్లగొండ. అమ్మా, ఆవిడా ఒకే చాప మీద కూర్చుని, చిక్కుడుకాయల ఈనెలు తీస్తూ రేపటి కథ ఇవాళే చెప్పేసేవారు. మధ్యలో దూరి నేను...

ఒకరోజు హీరోని విలన్ నదిలోకి తోసేశాడు.

"సచ్చిండు. గంత నీళ్ళల్ల పడ్డోడు ఎట్ల బతుకుతడు వదినా?" అంది అమ్మ.

"శవాన్ని చూపించారా? లేదుగా! వస్తాడు, చూస్తూ ఉండండి" అంది ఆంటీ.

అప్పుడే తెలంగాణ కోసం సమ్మె మొదలైంది. నాన్న సిటీ బస్సు డ్రైవర్. బస్సులు ఆగాయి... రిమోట్ ఆయన చేతికొచ్చింది. దిల్‌సుఖ్‌నగర్‌లో ధర్నా, ఎల్బీనగర్‌లో రాస్తారోకో... టీవీ నిండా వార్తలే. ఆంటీ రావడం మానేసింది. మెట్ల దగ్గర ఎదురైనా ఓ పొడి నవ్వు... అంతే.

నాన్న బయటికెళ్ళినప్పుడు సీరియల్ పెట్టమని నేను గోల చేసేదాన్ని. "పక్కన మనిషి లేకుంట ఏం జూస్తం బిడ్డా?" అనేది అమ్మ.

సమ్మె ముగిసి నాన్న డ్యూటీకి వెళ్ళిన రోజు... అమ్మ కాసేపు గుమ్మంలో నిలబడింది. పిలిస్తే ఆంటీ వస్తుందా, రాదా? చివరికి కొంగు దోపుకుని చకచకా మెట్లెక్కేసింది. వెనకే నేను!

"వదినా... ఆడు సచ్చిండా, బతికిండా?"

ఆంటీ కళ్ళు చెమర్చాయి. "నాకేం తెలుసండీ! మీరు లేకుండా నేనొక్కదాన్నే చూస్తానా?"

ముగ్గురం కిందికి పరుగు! టీవీ పెడితే... హీరోయిన్ ఎవరో కొత్తతనికి అన్నం వడ్డిస్తోంది.

"ఓయమ్మో, మారుమనువు చేస్కున్నది!" అమ్మ నోరు నొక్కుకుంది.

అంతలో హీరోయిన్ అతన్ని మొగుడి పేరుతో పిలిచింది. హీరో అతనే... ఆ పాత్ర వేసే నటుడు మారాడంతే!

"గెలిచాను!" ఆంటీ ఎగిరి గంతేసింది.

"మొఖం మారింది కద, చెల్లది!"

"మొహం సంగతి మనం అనుకోలేదుగా వదినా!"

అరుపులకి ఇల్లు దద్దరిల్లింది. అప్పుడే డ్యూటీ దిగిన నాన్న పరేషాన్‌గా లోపలికొచ్చాడు. అసలే రోజులు బాగాలేవు. వీళ్ళు నిజంగానే కొట్లాడుకుంటున్నారనుకున్నాడు.

"ఏంది గీ లొల్లి?"

"బతికిండట!" అంది అమ్మ.

"ఎవరు?"

ఇద్దరూ ఒకరి మీద ఒకరు పడి నవ్వడమే... చివరికి ఆంటీ చాప మీద కాస్త జరిగి, "కూర్చోండి అన్నయ్యగారూ, మొదట్నుంచీ చెప్తాను" అంది. నాన్న నిజంగానే కూర్చున్నాడు!

ఇప్పుడు సిరీస్ మొత్తం ఒక్క రాత్రిలో చూసేస్తున్నాం... ఎవరి ఫోన్ వారిది. తర్వాత ఏమవుతుందో ఊహించే తీరికేదీ? ఊహించినా... కాదని వాదించే మనిషేడీ?

మీరు సీరియల్ కథ మీద ఎవరితో పోట్లాడేవారో చెప్పండి... చదువుతూ నవ్వుకోవాలనుంది.